రేసుల నుంచి వచ్చిన గుర్రానికి డ్రెస్సాజ్ నేర్పుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. గుర్రం చేత సైగలతో లయబద్ధంగా అడుగులు వేయించే డ్రెస్సాజ్ సాధన చేస్తూ నువ్వు పంపిన వీడియో మళ్లీ మళ్లీ చూశాను. మలక్‌పేట రేసుల్లో పరుగెత్తిన ఐదేళ్ల థరోబ్రెడ్ జాతి గుర్రం అంత హుందాగా కాళ్లు విసురుతుంటే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారంటే ఆశ్చర్యం లేదు. కానీ ఆ ట్రాట్‌ని, అంటే ఆ జోరు నడకని, నమ్మకు. వీడియో ఆపి వీపు చూడు. ముందుకాళ్లు ఎత్తుగా లేస్తున్నాయి, జీను కింద వీపు మాత్రం పలకలా బిగుసుకుపోయింది. తోక ఊగడం లేదు. నోరు ఎండిపోయి ఉంది. ఆ హంగంతా టెన్షన్ వల్ల వచ్చింది. గుర్రంలో టాలెంట్ ఉన్న మాట నిజమే, కాకపోతే అది బయటపడేది ఈ బిగువు పోయాకే. మధ్యలో కొన్నాళ్లు నీ గుర్రం చాలా మామూలుగా కనిపిస్తుంది. ఎవరేమన్నా నువ్వు దానికి సిద్ధపడాలి.

స్వారీ కన్నా ముందు నొప్పి సంగతి తేల్చుకో. గుర్రం కడుపులో ఆమ్లం, అది తిన్నా తినకపోయినా, రోజంతా ఊరుతూనే ఉంటుంది. రేసు లాయాల్లో గింజలు ఎక్కువ, గడ్డి తక్కువ. అందుకే అక్కడి నుంచి వచ్చిన గుర్రాల్లో చాలావాటికి కడుపులో పుండ్లుంటాయి. పొట్ట కింద జీను కట్టే గర్త్ పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి కరవబోతోందనీ, గుర్రాన్ని చూసుకునే సైస్ దాన్ని పొగరన్నాడనీ రాశావు. నాకది పొగరనిపించలేదు. వెట్‌ని పిలిపించి గ్యాస్ట్రోస్కోపీ, అంటే కడుపులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించు. పళ్లు చూపించు, జీను దాని వీపుకి సరిపోతోందో లేదో చూపించు. ఖాళీ కడుపుతో ఎప్పుడూ ఎక్కకు, ముందు కాస్త ఎండుగడ్డి పెట్టు. కడుపులో గడ్డి ఉంటే పరుగులో ఆమ్లం పైకి చిమ్మదు. దాణాలో ఓట్స్ తగ్గించు. రోజూ కొన్ని గంటలైనా కంచె వేసిన ప్యాడక్‌లో వదిలిపెట్టు. రోజల్లా లాయంలో నిలబెట్టి, ఉన్న ఒక్క గంటలో నెమ్మదిగా ఉండమంటే ఏ గుర్రం ఉంటుంది?

ఇక పగ్గాలు. నీ కష్టమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. రేసులో జాకీ పగ్గాలు కురచగా పట్టుకుంటే గుర్రం ఆ పట్టు మీద ఒరిగి ఇంకా వేగంగా పరుగెడుతుంది. దానికి వచ్చిన చదువు అది. ఇప్పుడు అది కంగారు పడిన ప్రతిసారీ నువ్వు పగ్గాలు బిగిస్తున్నావు. ఆగమని నువ్వంటున్నావు, పరుగెత్తమన్నావని దానికి అర్థమవుతోంది. రెండు పగ్గాలూ కలిపి లాగడం పూర్తిగా మానేయ్. వేగం పెరిగితే 20 మీటర్ల సర్కిల్లోకి తిప్పు. బయటి పగ్గం నిలకడగా ఉంచి, లోపలి పగ్గంతో ఒక్క క్షణం అడిగి వెంటనే వదులు. కాసేపయ్యాక లోపలి చేతిని మెడ వెంట ముందుకి జరిపి రెండు మూడు అడుగులు అలాగే ఉంచి చూడు. లయ చెదరకపోతే గుర్రం తన కాళ్ల మీద తాను నడుస్తోంది. పరుగందుకుంటే ఇన్నాళ్లూ నీ చేతుల మీద ఒరిగి నడిచిందన్నమాట.

బెదిరే గుర్రం మీద చాలామంది కాళ్లు ఎడంగా పెడతారు, తగిలితే ఎగురుతుందని భయం. అలా పెడితే ఎప్పుడో ఒకసారి తగిలినప్పుడల్లా అది ఉలిక్కిపడుతుంది. పిక్కలు పక్కటెముకలకి మెత్తగా ఆనించే ఉంచు. వాక్‌లో, అంటే మామూలు నడకలో, లెగ్ యీల్డ్ (కాలు ఆనిస్తే పక్కకి జరగడం) చేయించు, అది కుదిరాక షోల్డర్ ఇన్ (భుజాలు లోపలికి తిప్పి నడవడం). కాలు తగిలితే ముందుకి దూకడం ఒక్కటే కాదు, పక్కకి అడుగు వెయ్యడం కూడా ఉందని దానికి తెలియాలి. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో గెరినియేర్ అనే స్వారీ గురువు షోల్డర్ ఇన్‌ని తీర్చిదిద్దింది గుర్రం భుజాలూ తుంటీ వదులు కావడానికే. ఇన్నేళ్లయినా దానికి మించిన కసరత్తు నాకు కనిపించలేదు.

వాక్‌ని మాత్రం పాడుచేయకు. అందులో నాలుగు కాళ్లూ విడివిడిగా, సమంగా పడాలి. బిగుసుకున్న గుర్రం ఒక పక్కన ఉన్న రెండు కాళ్లనీ దాదాపు ఒకేసారి వేస్తుంది. అదే అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. మొదటి పావుగంట పగ్గాలు పొడుగ్గా వదిలి నడిపించు. తర్వాత రైజింగ్ ట్రాట్‌లో, లయకి తగ్గట్టు జీను మీంచి లేస్తూ, వీపు మీద బరువు వేయకుండా, పగ్గాలు కొద్దికొద్దిగా జారనివ్వు. ఒకరోజు తల కిందికి చాపి, ముక్కుతో బుర్రుమని గాలి వదులుతుంది. తోక అటూ ఇటూ ఊగుతుంది, పెదవుల దగ్గర సన్నటి నురగ కనిపిస్తుంది. అప్పుడు వెంటనే దిగెయ్, ఎక్కి పది నిమిషాలే అయినా సరే. మెచ్చుకోలుగా మెడ మీద చప్పుడయ్యేలా కొట్టకు, జూలు ముగిసే చోట వేళ్లతో గోకు. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది అక్కడే. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది కూడా.

ముక్కు చుట్టూ కట్టే నోస్‌బ్యాండ్ కింద రెండు వేళ్లు దూరాలి. నోరు తెరుస్తోందని ఎవరైనా బిగించబోతే ఒప్పుకోకు.

జర్మన్ల శిక్షణ క్రమంలో ఆరు మెట్లున్నాయి. మొదటిది లయ, రెండోది సడలింపు, కలెక్షన్, అంటే బరువు వెనక కాళ్ల మీదికి తెచ్చుకుని నడవడం, అన్నిటికన్నా చివరిది. నువ్వు రెండోది రాకుండానే ఆరోది అడుగుతున్నావు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు బంగారం గెలిచినప్పటి నుంచి నీకు తొందర పెరిగిందని నాకు తెలుసు. 1982 ఢిల్లీ తర్వాత గుర్రపు స్వారీలో మనకొచ్చిన మొదటి బంగారం అది, నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఆ పిల్లలు ఏళ్ల తరబడి యూరప్‌లో ఉండి నేర్చుకున్నారు. నీ గుర్రం రేసులు మానేసి ఏడాది కూడా కాలేదు.

అందుకని వచ్చే షోకి పేరివ్వకు. గుర్రాన్ని మాత్రం తీసుకెళ్లు. మైకు వినిపించేంత దూరంలో చేత్తో పట్టుకుని నడిపించు, గడ్డి పెట్టు, సాయంత్రానికి తీసుకొచ్చెయ్. ఆ గోలలో తల దించి గడ్డి తినగలిగితే ఆ తర్వాతి షోలో 20×40 మీటర్ల అరీనాలో చిన్న టెస్టుకి పేరిద్దాం. గ్యాస్ట్రోస్కోపీ రిపోర్టు రాగానే నాకు పంపు. అది చూశాక దాణా లెక్క ఫోన్లో మాట్లాడుకుందాం.

పెదనాన్న