క్వార్టర్‌బ్యాక్ చేత ఎందుకు పరిగెత్తిస్తారంటే

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట నడిపిస్తూ పాస్‌లు వేయాల్సిన క్వార్టర్‌బ్యాక్ చేత కాలేజీ కోచ్‌లు ఎందుకు పరిగెత్తిస్తారు, దెబ్బ తగిలితే సీజన్ పోదా అని అడిగారు. దెబ్బ తగలడం నా కళ్ళారా చూశాను. అయినా పరిగెత్తించడమే సరైనదని నా నమ్మకం.

2013లో ఎమ్మెస్‌కి ఒహాయో స్టేట్‌లో చేరాను. కొలంబస్‌లో శనివారం మ్యాచ్ ఉందంటే ఊరంతా ఎరుపే. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం. మొదట్లో బంతి ఎవరి దగ్గరుందో కూడా నాకు అంతుపట్టేది కాదు. మా ల్యాబ్‌లోని అమెరికన్ కుర్రాడు ఒకరోజు, "బంతిని చూడకు, అదిగో ఆ చివరున్నవాణ్ణి చూడు, వాణ్ణి ఎవరూ అడ్డుకోరు" అన్నాడు. అప్పట్నుంచి ఆట అర్థమవడం మొదలైంది.

అంతా తలల లెక్క. అటు పదకొండు, ఇటు పదకొండు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్‌కి, అంటే బంతితో పరిగెత్తేవాడికి, ఇచ్చి పక్కకు తప్పుకుంటే, అడ్డుకోడానికి ఇటు మిగిలేది తొమ్మిది మందే. అటు ఇద్దరు ఖాళీ. అందుకే జోన్ రీడ్ అనే ఎత్తులో, అవతలి వరసలో చివరనున్న డిఫెన్సివ్ ఎండ్‌ని కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్టకి ఆనించి, ఇంకా వదలకుండా, చూపు మాత్రం ఆ ఎండ్ మీదే పెడతాడు. వాడు రన్నింగ్ బ్యాక్ మీదికి దూకితే బంతి వెనక్కి లాక్కుని, వాడు ఖాళీ చేసిన వైపుకి తనే పరిగెడతాడు. వాడు అక్కడే ఆగితే బంతి ఇచ్చేస్తాడు. ఒక మనిషిని తాకకుండానే తప్పించినట్టు! ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. కబడ్డీలో కూతకెళ్ళి, మూలవాడు ముందుకు తూలాడో లేదో చూసుకుని కాలు వేసినవాళ్ళకి ఇది చప్పున తెలుస్తుంది.

ఈ ఎత్తు పుట్టిన తీరు నాకు భలే ఇష్టం. 1990ల తొలినాళ్ళలో వెస్ట్ వర్జీనియాలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీకి రిచ్ రోడ్రిగెజ్ కోచ్. ఒకరోజు బంతి ఇవ్వడం కుదరక క్వార్టర్‌బ్యాక్ తనే పట్టుకుని పరిగెత్తాడు. ఎందుకలా చేశావంటే, ఎండ్ లోపలికి దూసుకొచ్చాడు, అటు ఖాళీ కనిపించింది అన్నాడట. ఆ మాటనే కోచ్ పట్టుకున్నాడు. అదే రోడ్రిగెజ్ మిషిగన్‌లో ఉండగా, 2010లో డెనార్డ్ రాబిన్సన్ క్వార్టర్‌బ్యాక్‌గా 1,702 యార్డులు పరిగెత్తాడు.

రాబిన్సన్‌ది వేగం. అందరి చేతా అలా చేయించలేరు. అర్బన్ మేయర్ ఫ్లోరిడాలో ఉన్నప్పుడు, 2006లో ప్రధాన క్వార్టర్‌బ్యాక్ క్రిస్ లీక్. ఒకటి రెండు యార్డులు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం మొదటి ఏడాది కుర్రాడు టిమ్ టీబోని దింపేవాడు. బలమైన మనిషి, అతనే బంతి పట్టుకుంటే రన్నింగ్ బ్యాక్ కూడా ముందు నడిచి దారి చేసేవాడు. మరుసటి ఏడు టీబో పరిగెత్తి కొట్టిన టచ్‌డౌన్లే (బంతితో అవతలి చివరి గీత దాటడం) 23. కాలేజీల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ కూడా వచ్చింది.

ఇక దెబ్బ సంగతి. 2014 నవంబర్ 29, కొలంబస్‌లో మిషిగన్‌తో మ్యాచ్. మా కోచ్ అప్పుడు మేయరే. మా ప్రధాన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం గాయంతో ఆగస్టులోనే సీజన్‌కి దూరమయ్యాడు. అతని బదులు ఆడుతున్న జె.టి. బారెట్ నాలుగో క్వార్టర్‌లో పరిగెడుతూ పడ్డాడు. చీలమండ విరిగింది. అంతమంది జనంలో చిన్న మాట కూడా వినిపించలేదు. అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్ డెవిన్ గార్డ్‌నర్ వచ్చి, పడి ఉన్న బారెట్ మీదికి వంగి ధైర్యం చెప్పాడు. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

మూడోవాడు కార్డేల్ జోన్స్ వచ్చాడు. ఫోర్త్ అండ్ వన్‌లో, అంటే నాలుగో, చివరి ప్రయత్నంలో ఇంకో యార్డు కావాల్సినప్పుడు, బంతి రన్నింగ్ బ్యాక్ ఎజికియల్ ఎలియట్‌కి ఇస్తే 44 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. 42-28తో గెలిచాం. తర్వాతి మూడు మ్యాచ్‌లలో ఎలియట్ 220, 230, 246 యార్డులు పరిగెత్తాడు. అంతమాత్రాన మేయర్ జోన్స్‌ని దాచిపెట్టలేదు. ఇక ఇంకొకడు లేడని తెలిసీ, 113 కిలోల ఆ మనిషిని పరిగెత్తిస్తూనే ఉన్నాడు. ఒరెగాన్‌తో ఫైనల్లో ఒక యార్డు దూరం నుంచి జోన్స్ తనే తోసుకెళ్ళి టచ్‌డౌన్ కొట్టాడు. క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తడని తెలిసిపోతే అటువైపు మనిషి ఒకడు మళ్ళీ ఖాళీ అవుతాడు, వాడు నేరుగా ఎలియట్ మీదికే వస్తాడు. 42-20తో ఛాంపియన్లమయ్యాం.

అంకెలు చూసేటప్పుడు ఒకటి గమనించండి. కాలేజీలో శాక్ అయితే, అంటే పాస్ వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ని వెనకే పడగొడితే, పోయిన యార్డులు అతని పరుగుల్లోంచే తీసేస్తారు, ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అలా తీయరు. బారెట్ ఆ ఏడు చేసిన 938 యార్డులు అవన్నీ పోగా మిగిలినవి.