ఫెడరల్ ఏజెన్సీ రియల్ ఎస్టేట్ డేటా కోసం ‘సోర్సెస్ సాట్’ నోటీసు వేసింది. చిన్న కంపెనీ జవాబులో ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డాలస్‌లో నలుగురు నడిపే కంపెనీ. టెక్సాస్ కౌంటీల ఆస్తి రికార్డులు, అద్దెల వివరాలు సేకరించి బ్యాంకులకు అమ్ముతున్నారు. హైదరాబాద్‌లో మరో ఆరుగురు డేటా శుభ్రం చేస్తారు. ఆర్థిక, రియల్ ఎస్టేట్ డేటా ఎవరివ్వగలరో చెప్పమని ఒక ఫెడరల్ ఏజెన్సీ ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ సామ్ డాట్ గవ్‌లో నోటీసు పెట్టింది. పది పేజీల జవాబు, రెండు వారాల గడువు. ఇంత చిన్న కంపెనీ రాయడం దండగా అని అడిగారు.

దండగ కాదండి. ఇది టెండరు కాదు, టెండరుకు ముందు జరిగే మార్కెట్ పరిశీలన. రాయకపోయినా రేపు టెండరు వేయొచ్చు, రాసినందుకు ప్రభుత్వం ఏమీ ఇవ్వదు. కానీ సరసమైన ధరకు ఆ పని చేయగల చిన్న కంపెనీలు కనీసం రెండు ఉన్నాయని కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కు నమ్మకం కుదిరితే, ఆ కొనుగోలును చిన్న కంపెనీలకే కేటాయించాలన్న నియమం ఉంది. ‘రూల్ ఆఫ్ టూ’ అంటారు దాన్ని. ఆ నమ్మకం చాలావరకు ఈ జవాబులతోనే కుదురుతుంది. చిన్నవాళ్లెవరూ రాయకపోతే ఫైల్లో పెద్ద కంపెనీల పేర్లే మిగులుతాయి, టెండరు కూడా వాళ్ల సరుకు కొలతలకే తయారవుతుంది: యాభై రాష్ట్రాలు, అన్ని రకాల ఆస్తులు, ఒకే కాంట్రాక్టు. టెక్సాస్‌ను విడిగా కొనండి, ఇందువల్ల మీకు మేలు అని చెప్పగలిగేది ఇప్పుడే.

నోటీసు ఎవరిదో ముందు చూడండి. ఉదాహరణకు, బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ఎఫ్‌డీఐసీ కాంగ్రెస్ కేటాయింపులతో కాకుండా బ్యాంకులు కట్టే ప్రీమియంతో నడుస్తుంది. ఫెడరల్ కొనుగోలు నియమావళి ‘ఫార్’ దానికి వర్తించదు, సొంత నియమాలున్నాయి. అలాంటి చోట నేను చెప్పేవాటిలో కొన్ని మారతాయి.

సామ్ రిజిస్ట్రేషన్ లేకుండా కూడా చాలా నోటీసులకు జవాబివ్వొచ్చు. అయినా ఇవాళే మొదలుపెట్టండి, టెండరు వచ్చాక మొదలుపెడితే సమయం సరిపోదు. 2022 ఏప్రిల్ నుంచి కంపెనీని గుర్తించే పాత డన్స్ నంబరు పోయి 12 అక్షరాల యూఈఐ వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆగిపోయేది ఎక్కువగా పేరు, చిరునామా తనిఖీ దగ్గరే. రాష్ట్రంలో నమోదైన పేరులో ‘ఎల్‌ఎల్‌సీ’ ముందు కామా ఉండి ఇక్కడ లేకపోయినా, కరెంటు బిల్లులో సూట్ నంబరు వేరైనా కాగితాలు అడుగుతారు. పేరూ చిరునామా రెండూ ఒకే రకంగా ఉన్న పత్రం ఒకటి ముందే సిద్ధం చేసుకోండి. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. నమోదు కాగానే ఫీజు కట్టమని వచ్చే ఈమెయిళ్లు ప్రైవేటు దళారులవి. ఏటా రెన్యూ చేయాలి.

ఇక జవాబులో అసలు బలం. చాలామంది కంపెనీ చరిత్రతో మూడు పేజీలు నింపుతారు. చదివే ఆర్థికవేత్తకు కావలసింది మొదటి పేజీలోనే రెండు సంగతులు: ఈ డేటా ఎక్కడిది, దాన్ని ప్రభుత్వానికి ఇచ్చే హక్కు మీకుందా. ప్రతి ఫీల్డ్‌కీ మూలం చెప్పే పట్టిక ఒకటి పెట్టండి. టెక్సాస్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ అమ్మకపు ధర బయటపెట్టాలన్న చట్టం లేదు. కౌంటీ క్లర్క్ దగ్గరి దస్తావేజులో ధరకు బదులు ‘పది డాలర్లు, ఇతర ప్రతిఫలం’ అన్న మాటే కనిపిస్తుంది. మరి మీ ఫైల్లో ధర ఎక్కడి నుంచి వచ్చింది? పన్ను కోసం అప్రైజల్ డిస్ట్రిక్ట్ లెక్కగట్టిన విలువా, తనఖా పత్రంలోని రుణం నుంచి చేసిన అంచనానా, బ్రోకర్లు తమ అమ్మకాల వివరాలు పంచుకునే ఎంఎల్ఎస్ నుంచి తెచ్చుకున్నదా? మూడింటికీ మూడు వేర్వేరు కాలమ్‌లు ఉండాలి. అంచనాను అసలు ధరగా చూపితే, దాని మీద బ్యాంకుల నష్టాలు లెక్కకట్టేవాళ్ల మోడల్ మొత్తం తప్పుతుంది. ఎంఎల్ఎస్ డేటా అయితే మీ ఒప్పందంలో మూడో పక్షానికి ఇచ్చే అనుమతి ఉందో లేదో జవాబు రాసే ముందే లాయర్‌కు చూపించండి. లేదంటే ఆ కాలమ్ తీసేయండి. తక్కువ ఫీల్డ్‌లున్నా హక్కు స్పష్టంగా ఉన్న డేటాకే నా ఓటు.

మీరు బ్యాంకులకిచ్చే లైసెన్స్ పత్రాన్ని యథాతథంగా జత చేయకండి. దానంతటదే రెన్యూ కావడం, దావా వస్తే కొన్నవాళ్లే నష్టపరిహారం భరించడం, టెక్సాస్ చట్టం ప్రకారం తగాదా తేల్చుకోవడం లాంటివాటికి ఫెడరల్ ఏజెన్సీ ఒప్పుకోవడం కుదరదు. కేటాయింపు లేకుండా ఖర్చుకు కట్టుబడటం వాళ్లకు చట్టవిరుద్ధం. గడువు ముగిశాక కాపీలన్నీ చెరిపేయాలన్న షరతు ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే చట్టానికి అడ్డొస్తుంది. పాత నివేదికల వెనకున్న డేటాను వాళ్లే ఉంచుకోవచ్చని, కొత్త పనికి మాత్రం వాడకూడదని రాస్తే సరిపోతుంది. నివేదికల్లో గ్రాఫులు, సగటులు ప్రచురించుకోవచ్చా, ఏజెన్సీని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు, ఇతర నియంత్రణ సంస్థలకు చూపొచ్చా అన్నదీ తేల్చి చెప్పండి. చెప్పకపోతే మొదట అడిగేది అదే.

నమూనా ఫైలు అడగకపోయినా ఇస్తామని చెప్పండి. ఒక కౌంటీ, ఒక ఏడాది, ఫీల్డ్ వివరణ పత్రంతో. ప్రాంతాలను గుర్తించే ప్రభుత్వ కోడ్‌లు వేయండి: కౌంటీకి ఐదంకెల ఫిప్స్ కోడ్, జనగణన కోసం కౌంటీని విడగొట్టిన సెన్సస్ ట్రాక్ట్‌కు పదకొండంకెల కోడ్ ఉండాలి. ఎక్సెల్ ముందున్న సున్నాను తినేస్తుంది, కాబట్టి కోడ్‌లను టెక్స్ట్‌గానే ఉంచండి. పోస్టల్ జిప్, సెన్సస్ వాడే జిప్ ప్రాంతం ఒకటి కావు. రేపు ఇతర రాష్ట్రాలు కలిపితే కనెటికట్ దగ్గర జాగ్రత్త: 2022 నుంచి సెన్సస్ అక్కడి ఎనిమిది కౌంటీల స్థానంలో తొమ్మిది ప్లానింగ్ రీజియన్‌లను తీసుకుంది, పాత కోడ్‌లతో జోడిస్తే అవి దొరకవు. మెట్రో ప్రాంతాల హద్దులు కూడా 2023లో మారాయి, ఏ సంవత్సరం హద్దులు వాడారో రాయండి.

ఇంకో కాలమ్ కూడా ఉండాలి: ఆ విలువ మీ ఫైల్లోకి ఏ తేదీన వచ్చింది, ఎప్పుడు సవరించారు. గతాన్ని పరీక్షించే మోడల్‌కు ఆనాడు తెలిసిన అంకె కావాలి. నిశ్శబ్దంగా పాత అంకెను దిద్దేస్తే ఆ పరీక్ష చెల్లదు.

నిరుద్యోగం, ధరల సూచీ, నిర్మాణ అనుమతులు మీ నుంచి కొనరు. ప్రభుత్వ గణాంక సంస్థలు బీఎల్ఎస్, బీఈఏ, సెన్సస్ ఇవన్నీ ఉచితంగా ఇస్తాయి, సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడిపే ఫ్రెడ్ వెబ్‌సైట్‌లో ఒకేచోట దొరుకుతాయి. వాటికి అందనిది చెప్పండి. గృహ రుణాల నియంత్రణ సంస్థ ఎఫ్‌హెచ్‌ఎఫ్‌ఏ ఇచ్చే ఇళ్ల కొనుగోళ్ల ధరల సూచీని, బ్యాంకుల నుంచి గృహ రుణాలు కొనే ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ రుణాల మీదే కడతారు కాబట్టి నగదు కొనుగోళ్లు అందులో కనిపించవు. ఆఫీసు, గోదాము అద్దెలు, ఖాళీ శాతం ప్రభుత్వ లెక్కల్లో కౌంటీ స్థాయిలో దొరకవు. మీ దగ్గర అవి ఉంటే అదే మీ జవాబుకు గుండెకాయ.

ఒక ఉచ్చు గురించి తప్పక చెప్పాలి. మీకు లేని రాష్ట్రాలను పెద్ద కంపెనీ నుంచి తెచ్చి కలిపి ఇస్తామనుకుంటున్నారేమో. చిన్న కంపెనీలకు కేటాయించిన సర్వీసు కాంట్రాక్టులో ప్రభుత్వం ఇచ్చిన సొమ్ములో సగానికి మించి పెద్ద కంపెనీకి చెల్లించకూడదు. డేటా వ్యాపారంలో ఖర్చంతా లైసెన్స్ దగ్గరే కాబట్టి ఆ గీత ఇట్టే దాటిపోతుంది. నోటీసులో ఏ నెయిక్స్ కోడ్ (వ్యాపార రకాన్ని సూచించే అంకె) ఇచ్చారో కూడా చూడండి. 518210 కింద చిన్న కంపెనీ అనిపించుకోవడం ఆదాయాన్ని బట్టి, 519290 కింద ఉద్యోగుల సంఖ్యను బట్టి. హైదరాబాద్ వాళ్లను కూడా ఆ సంఖ్యలో కలపాలి.

హైదరాబాద్ బృందాన్ని దాచకండి. ఏ పని అక్కడ జరుగుతుందో, ఏ ఫైళ్లు వాళ్ల చేతికి వెళ్తాయో, ఏజెన్సీ ఇచ్చే సమాచారం వెళ్లదని ఎలా హామీ ఇస్తారో ఒక పేరాలో రాయండి. ఎస్‌ఎఫ్‌టీపీ అనే సురక్షిత పద్ధతిలో ఫైలు పంపి ఏజెన్సీ సర్వర్‌లోనే పెడతామంటే క్లౌడ్ భద్రత అనుమతి ‘ఫెడ్‌రాంప్’ చర్చ చాలావరకు తప్పుతుంది. మీ పోర్టల్‌లోకి లాగిన్ అవమంటే ఆ ఖర్చు మీలాంటి కంపెనీ మోయలేనిది.

ధర అడిగితే మొత్తం కాకుండా పద్ధతి చెప్పండి: కౌంటీకింత, ఎంతమంది వాడినా ఒకటే, ఒక ఏడాది, ఆపైన ఏజెన్సీ కావాలంటే పొడిగించుకునే నాలుగు ఆప్షన్ ఏళ్లు. రహస్యమనుకున్న ప్రతి పేజీ మీదా ఆ మాట వేయండి, సమాచార చట్టం కింద ఎవరైనా అడిగినప్పుడు అది ఉపయోగపడుతుంది. ఈమెయిల్ సబ్జెక్టులో నోటీసు నంబరు ఉండాలి, పదకొండో పేజీ ఉండకూడదు. పంపాక సామ్‌లో ఆ నోటీసును ఫాలో అవ్వండి. అసలు టెండరు వేరే నంబరుతో రావచ్చు, కాబట్టి ఏజెన్సీ పేరు, నెయిక్స్ కోడ్ మీద కూడా ఒక సెర్చ్ సేవ్ చేసి పెట్టుకోండి.