అసలు బొమ్మా, ప్రింటా?

ప్రశ్న: మా తాతయ్య గారి పెట్టెలో ఒక ఆయిల్ పెయింటింగ్ దొరికింది. సంతకం ఉంది గానీ చదవడానికి రావట్లేదు. ఇది ఒరిజినలేనా? శుభ్రంగా తుడిచి అమ్మకానికి పెట్టమంటారా?

జవాబు: ముందు ఆ గుడ్డ పక్కన పెట్టండి. తడిగుడ్డ, సబ్బు, పక్కింటివాళ్ల చిట్కాలు ఏవీ వద్దు, రంగు లేచిపోతే దాంతోపాటే విలువా పోతుంది. పది రెట్లు చూపించే భూతద్దంతో రంగు మారే చోట చూడండి, సన్నటి రంగు చుక్కలు ఒక వరసలో కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ప్రింటే. చుక్కలు లేవని సంబరపడకండి, కాన్వాస్ మీద ఇంక్‌జెట్ ప్రింట్ తీసి పైన పారదర్శకమైన జెల్‌తో కుంచె గీతలు వేసేవాళ్లూ ఉన్నారు. గదిలో లైట్లు ఆపి టార్చ్ పక్క నుంచి వేయండి. ఉబ్బెత్తు గీత ఒకవైపు, కింద రంగు ఇంకోవైపు పోతుంటే ఆ బాపతే.

నన్నడిగితే బొమ్మ వెనకవైపే ఎక్కువ కబుర్లు చెబుతుంది. తుప్పు పట్టిన మేకులు, ముదురు రంగుకి తిరిగిన చెక్క చట్రం, గ్యాలరీ చీటీ, సుద్దతో రాసిన వేలం నంబరు, అన్నీ ఫొటో తీయండి, దేన్నీ పీకకండి.

సంతకాన్ని మాత్రం అంతగా నమ్మను. దాని రంగు పాత పగుళ్లలోకి దిగి ఉంటే తర్వాతెవరో పెట్టిందే కావచ్చు. 1880ల బొమ్మ అంటూ అసలు పొరలోనే టైటానియం వైట్ బయటపడితే కథ కంచికే, ఆ తెలుపు చిత్రకారుల చేతికి వచ్చింది 1920ల ప్రాంతంలో. అది తేల్చేది ల్యాబే లెండి.

ధరకి అదే చిత్రకారుడివి, అదే సైజువి వేలంలో నిజంగా ఎంతకి పోయాయో చూడండి, అమ్మేవాళ్లు అడిగే రేట్లు కాదు. ఇన్సూరెన్స్ కోసం కట్టే విలువ మామూలుగా చేతికొచ్చే డబ్బుకంటే ఎక్కువే ఉంటుంది. వెల కట్టినాయనే 'నేనే కొంటా' అంటే ఇంకొకరికి చూపించండి.