అమెరికా డాక్టర్ల డిక్టేషన్ టైప్ చేసే ఉద్యోగాలు హైదరాబాద్‌లో ఉండేవి కదా, ఇప్పుడు ఏమయ్యాయి?

పూర్తిగా పోలేదు గానీ, పని మారిపోయింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైన రోజుల్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటే పెద్ద క్రేజే. అక్కడ డాక్టరు సాయంత్రం పేషెంట్ల గురించి మాట్లాడి రికార్డ్ చేసేవాడు, న్యూయార్క్ కంటే మనం వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటాం కాబట్టి ఆ ఆడియో వచ్చేసరికి మనకి తెల్లారేది, మనవాళ్లు చెవులకి హెడ్‌ఫోన్స్, ఆడియో ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద పెడల్ పెట్టుకుని టైప్ చేసి పంపిస్తే వాళ్లు నిద్ర లేచేలోపు రిపోర్ట్ రెడీ. డబ్బులు లైన్ లెక్కన, 65 క్యారెక్టర్లయితే ఒక లైన్, ఇది చాలామందికి తెలీదు.

ఇదంతా సాధ్యమైంది ఇంటర్నెట్ వల్లే, మళ్లీ దెబ్బ కొట్టిందీ టెక్నాలజీయే. ఒకవైపు అదే నెట్‌తో ఫిలిప్పీన్స్ వాళ్లు పోటీకొచ్చారు, ఇంకోవైపు స్పీచ్ రికగ్నిషన్ వచ్చాక డ్రాఫ్ట్ మెషినే కొట్టేస్తోంది, మనిషి తప్పులు దిద్దితే చాలు, దానికి లైన్ రేటు బాగా తక్కువ. నన్నడిగితే దిద్దడమే కష్టం, 'హైపో' (తక్కువ)ని 'హైపర్' (ఎక్కువ) అని రాసినా, ఫిఫ్టీన్‌ని ఫిఫ్టీ అని రాసినా వాక్యం చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, ఆడియో మళ్లీ వింటే గానీ దొరకదు.