టైమ్స్ స్క్వేర్ ముద్దు ఫొటోలో తప్పేముంది?

తిరుపతిలో పెళ్లి ఫొటోలు తీసే నన్ను ఈ ప్రశ్న చాలామంది అడిగారు. 1945 ఆగస్టు 14న న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్ తీసిన ఆ చిత్రంలో ఒక నావికుడు తెల్ల దుస్తుల్లో ఉన్న యువతిని ముద్దుపెట్టుకుంటున్నాడు. వాళ్లు ప్రేమికులు కాదు, ముక్కూముఖం తెలియనివాళ్లు. ఆ యువతిగా ఎక్కువమంది గుర్తించిన గ్రెటా జిమ్మర్, చాలామంది అనుకున్నట్టు నర్సు కూడా కాదు, దంతవైద్యుడి సహాయకురాలు. ముద్దు తన ఇష్టంతో జరగలేదని, అతనే వచ్చి పట్టేసుకున్నాడని 2005లో ఆమే చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన సంబరం తప్ప అందులో ప్రేమ లేదనీ అన్నారు. ఆమెకు కోపం లేదు కదా అంటారు కొందరు. కోపం లేకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.

ముఖాలు వదిలి చేతులు చూడండి. అతని మోచేతి వంపులో ఆమె తల ఇరుక్కుంది. ఆమె చేయి మాత్రం అతన్ని చుట్టుకోలేదు. ఇప్పుడు ఆ భంగిమ కావాలని జంటలు వస్తే, ‘చేతులు ఎక్కడ పెడతావమ్మా?’ అని ముందు పెళ్లికూతుర్నే అడుగుతున్నాను.