పలక మీద కనిపించని లెక్క

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. అంగన్‌వాడీకి పంపుతున్నాం. మొన్న ఇద్దరు పరిశోధకులు వచ్చి, పాపను రంగుల చెక్కముక్కలతో గంటసేపు ఆడించి, ఏదో రాసుకుని వెళ్లారు. పక్కింటి బాబు ఎల్‌కేజీలో అఆలు, ఏబీసీడీలు గబగబా రాసేస్తున్నాడు. మా పాపకు ‘అ’ దిద్దడం కూడా రాదు. ఈ పరిశోధనల వల్ల దానికి ఒరిగేదేమిటి మేడమ్?
– ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: ఈ ఏడాది మీ పాపకు ఒరిగేదేమీ లేదమ్మా. ఉందంటే అబద్ధమవుతుంది.

కడప జిల్లాలో చాలా ఏళ్లు అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చాను. నేనూ మొదట్లో పలకలు చూసే మార్కులు వేసేదాన్ని. ప్రొద్దుటూరు దగ్గర ఒక ఊళ్లో ఒక పిల్ల పలక ఎప్పుడూ ఖాళీయే. ఒకరోజు ఆయా గుప్పెడు చింతగింజలు ఇస్తే, నలుగురికీ తలా ఒకటి చొప్పున నాలుగు వరుసలు తిప్పింది. మూడు మిగిలాయి. కాసేపు చూసి, వాటిని తీసి ఆయా చేతిలోనే పెట్టేసింది. భాగహారమంతా అక్కడే ఉంది. మా రిజిస్టరులో మాత్రం దాన్ని రాయడానికి గడి లేదు. చెక్కముక్కలతో వచ్చినవాళ్ల కాగితంలో ఆ గడి ఉంటుంది.

మరి ఇలాంటి పరిశోధకులు పిల్లల వెంట ఏళ్ల తరబడి ఎందుకు పడతారంటారా? అమెరికాలోని ఇప్సిలాంటిలో 1962లో ఇలాంటి అధ్యయనమే మొదలైంది. 123 మంది పేద పిల్లల్లో 58 మందిని చిన్నపిల్లల బడికి పంపారు, మిగిలినవారిని పంపలేదు. బడికెళ్లినవారు తెలివితేటల పరీక్షల్లో మొదట ముందుకెళ్లారు. కొన్నేళ్లకు ఆ తేడా కరిగిపోయింది. అక్కడితో ఆపి ఉంటే ‘దండగ ఖర్చు’ అని తేల్చేసేవారు. ఆపలేదు. నలభై ఏళ్ల వయసులో చూస్తే, బడికెళ్లినవారి సంపాదన మెరుగ్గా ఉంది, అరెస్టులు తక్కువ.

అయినా అది ఒక్క ఊరు, 123 మంది. దాన్ని తెచ్చి తాడిపత్రికి అతికించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మన సంగతి మన పిల్లలనే చూసి తెలుసుకోవాలి. అవే పిల్లలను ఏళ్ల తరబడి గమనించేందుకు 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో అనంతపురం, కడప జిల్లాల పిల్లలూ ఉన్నారు. అప్పుడు ఏడాది వయసున్నవారికి ఇప్పుడు ఇరవై దాటాయి.

పాపను ‘అ’ కోసం తొందరపెట్టకండి. ఆ పరిశోధకులు మళ్లీ వస్తే, రాసుకున్నది ఎవరికి చూపిస్తారో అడగండి. మీకు ఇష్టం లేకపోతే వద్దనవచ్చు. ఏం తేలిందో తెలుగులో చెప్పి వెళ్లమని కూడా అడగండి. మా రోజుల్లో వచ్చినవాళ్లు ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలేదు.