మాగాయ జాడీ, ఇన్సులిన్ ప్రయాణం, ఉల్లి వేరు: సెల్ బయాలజీ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో డిగ్రీ ఫస్టియర్ పిల్లల్ని పాఠాల్లో డౌట్లుంటే రాయమన్నాం కదా, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెల్ బయాలజీ మీదే ఉన్నాయి. ఇరవై ఏడేళ్లు బోటనీ చెప్పాను, అందులో నాకు బాగా ఇష్టమైన పేపరు ఇదే, అందుకని కొన్నిటికి పొడుగ్గానే జవాబు రాశాను, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీఎస్సీ ఇంగ్లీష్ మీడియం. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, గాల్జీ, లైసోజోమ్ అని ఒక్కోదానికీ నిర్మాణం, విధులు రాసుకుని బట్టీ పడుతున్నా. వారం తిరిగేసరికి గాల్జీవి లైసోజోమ్‌కి, లైసోజోమ్‌వి గాల్జీకి రాసేస్తున్నా. సబ్జెక్టు మారిపోదామా అనిపిస్తోంది.
(ఒక విద్యార్థిని, నర్సీపట్నం)

జవాబు: మారొద్దమ్మా. ముందు భాష సంగతి చూద్దాం. ఇంటర్‌లో నువ్వు అంతర్జీవద్రవ్యజాలం అని చదువుకున్నావు కదా, ఎండో అంటే లోపల, ప్లాస్మ అంటే ఆ జీవద్రవ్యం, రెటిక్యులం అంటే లాటిన్‌లో చిన్న వల. అదే మాట! తెలుగులో పెట్టినవాళ్లు ముక్క ముక్కకీ సరిగ్గా కుదిర్చి పెట్టారు, కాబట్టి నువ్వు కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, తెలిసినదానికే ఇంకో పేరు వచ్చింది అంతే. లైసిస్ అంటే పగలడం, విడిపోవడం, సైటో అంటే కణం, ఇలాంటివి ఓ ముప్పై నలభై ముక్కలు ఒక పేజీలో రాసుకుని గోడకి అంటించుకో, సెమిస్టర్ సగానికి ఇంగ్లీష్ పుస్తకం భయం పోతుంది. మా క్లాసులో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలే ఈ పని చేసి ముందుకెళ్లడం చాలాసార్లు చూశాను.

ఇంక బట్టీ సంగతి. పుస్తకాలు ఒక్కో భాగాన్ని విడదీసి ఒక్కో హెడ్డింగ్ కింద పెడతాయి, నువ్వూ అలాగే చదువుతున్నావు, అందుకే ఏది దేనిదో కలిసిపోతోంది. భాగాల్ని కాకుండా ఒక్క వస్తువుని పట్టుకుని దాని వెనకాలే వెళ్లు. ఇన్సులిన్‌నే తీసుకో, షుగర్ ఉన్నవాళ్లు లేని ఇల్లు ఈ రోజుల్లో తక్కువే కాబట్టి ఆ పేరు నీకు కొత్త కాదు. క్లోమంలో బీటా కణాలని ఉంటాయి. వాటి కేంద్రకంలో డీఎన్ఏ మీద ఇన్సులిన్ జన్యువు ఉంది, దాని కాపీ ఎంఆర్ఎన్ఏగా బయటికొస్తుంది, రైబోజోమ్ దాన్ని చదువుతూ అమైనో ఆమ్లాల గొలుసు అల్లడం మొదలుపెడుతుంది. ఆ గొలుసు మొదట్లో ఉన్న చిన్న ముక్క అడ్రసు చీటీ లాంటిది. అది కనబడగానే రైబోజోమ్‌తో సహా మొత్తాన్ని తీసుకెళ్లి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం పొరకి అంటిస్తారు, నీ పుస్తకంలో గరుకు రకం అని బొమ్మ వేసి చుక్కలు పెట్టేది ఇదిగో ఈ రైబోజోముల్నే. గొలుసు లోపలికి దూరాక ఆ చీటీని కత్తిరించేస్తారు. మొదలైనప్పుడు 110 అమైనో ఆమ్లాలు ఉన్నది ఇప్పుడు 86 అవుతుంది. లోపల అది సరిగ్గా మడత పడుతుంది, గంధకం బంధాలు పడతాయి. మడత సరిగ్గా పడనిది ముందుకి పోనివ్వరు.

అక్కడి నుంచి చిన్న చిన్న తిత్తుల్లో గాల్జీకి వస్తుంది. గాల్జీ పని, వచ్చిన సరుకుకి చివరి మెరుగులు పెట్టి ఏది ఎక్కడికో విడదీసి పంపడం. బస్టాండులో పార్సిల్ ఆఫీసు చూశావు కదా, అదే గాల్జీ అనుకో. మన ఇన్సులిన్ ఇక్కడ సంచుల్లోకి ఎక్కుతుంది, ఆ సంచుల్లోనే మధ్య ముక్క కోసేస్తారు, దాన్ని సీ పెప్టైడ్ అంటారు, మిగిలిన 51 అమైనో ఆమ్లాలదే అసలు ఇన్సులిన్. ఈ సీ పెప్టైడ్‌ని ఊరికే వదలకు. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఇన్సులిన్‌లో అది ఉండదు కాబట్టి, ఇంజెక్షన్ వాడే మనిషికైనా సరే సొంత క్లోమం ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో డాక్టర్లు సీ పెప్టైడ్ టెస్టు చేయించి తెలుసుకుంటారు. మనం తిన్నాక రక్తంలో గ్లూకోజ్ పెరిగి బీటా కణంలోకి వస్తుంది, మైటోకాండ్రియా దాని నుంచి ఏటీపీ తీస్తుంది, అంటే కణం శక్తి కోసం వాడుకునే పదార్థం, ఏటీపీ పెరిగేసరికి త్వచంలో, అంటే కణం చుట్టూ ఉన్న పొరలో, పొటాషియం దారులు మూసుకుంటాయి, దానివల్ల కాల్షియం దారులు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి రాగానే ఆ సంచులు పొరకి అతుక్కుని సరుకు బయటికి వదిలేస్తాయి. చూడు, కేంద్రకం, రైబోజోమ్, రెటిక్యులం, గాల్జీ, మైటోకాండ్రియా, త్వచం, అన్నీ ఒక్క కథలోనే వచ్చేశాయి, ఒక్కటీ బట్టీ పట్టలేదు.

లైసోజోమ్ ఏదీ అంటావా? అదే గాల్జీ దగ్గర కొన్ని ఎంజైములకి మానోజ్ ఫాస్ఫేట్ అనే గుర్తు తగిలిస్తారు, ఆ గుర్తు ఉన్నవి బయటికి పోకుండా లైసోజోమ్‌కి వెళ్లి అక్కడ పాతవాటిని, పనికిరానివాటిని అరిగిస్తాయి. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఆ గుర్తు తగిలించే ఎంజైమ్ ఉండదు, అప్పుడు లైసోజోమ్‌కి పోవాల్సిన ఎంజైములు కణం బయటికి పోతాయి, లోపల చెత్త పేరుకుపోతుంది, చాలా బాధాకరమైన జబ్బు అది, ఐ సెల్ డిసీజ్ అంటారు. గాల్జీ పంపేది, లైసోజోమ్ అరిగించేది. ఇంక నువ్వు తారుమారు చెయ్యవు. ఈ దారంతా క్లోమ కణాల్లో రేడియోధార్మిక అమైనో ఆమ్లాలు పెట్టి అడుగడుగునా వెంబడించి కనిపెట్టింది జార్జ్ పలాడీ, ఆయనకి లైసోజోమ్ కనిపెట్టిన క్రిస్టియన్ డి డూవ్, ఆల్బర్ట్ క్లాడ్ లతో కలిపి 1974లో నోబెల్ ఇచ్చారు. వాళ్లు వెతికిన పద్ధతి కూడా ఒక్కదాని వెనక నడవడమే.

ప్రశ్న: హైపర్ టానిక్, హైపో టానిక్ ప్రతిసారీ తిరగేసి రాస్తున్నాను మేడం. నీళ్లు లోపలికా బయటికా? (బీఎస్సీ విద్యార్థి, సిరిసిల్ల)

జవాబు: బాబూ, మీ ఇంట్లో మాగాయ పెడతారో లేదో గానీ పెట్టేవాళ్లని అడుగు. మామిడి ముక్కలు తరిగి ఉప్పు, పసుపు కలిపి జాడీలో వేసి మూత పెడతారు, చుక్క నీళ్లు కూడా పొయ్యరు, మూడో రోజు తీస్తే జాడీ అడుగున ఊట నిండుగా ఉంటుంది. ఆ నీళ్లు ఎక్కడివి? ముక్కల కణాల్లోవే. బయట ఉప్పు ఎక్కువ, కాబట్టి నీళ్లు బయటికొచ్చాయి. ఆ ఉప్పు ద్రావణమే హైపర్ టానిక్. ఈ మాటలు రెండూ బయట ద్రావణం గురించి చెప్పేవి, కణం గురించి కాదు, పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. ముందు "బయట ఏముంది" అని అడుగు, బయట ఉప్పో చక్కెరో ఎక్కువైతే హైపర్, నీళ్లు బయటికి. బయట నీళ్లలాగే పల్చగా ఉంటే హైపో, నీళ్లు లోపలికి. వాడిపోయిన కొత్తిమీర కట్ట కాడలు నీళ్లలో పెడితే సాయంత్రానికి లేచి నిలబడుతుంది, అది హైపో.

మరి కొత్తిమీర కణం పగలదేం? చుట్టూ కణకవచం ఉంది, అది సాగనివ్వదు. ఎర్ర రక్త కణానికి కవచం లేదు కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది, అందుకే సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు కచ్చితంగా కలుపుతారు, 0.9 శాతం అనేది అదే.

ఇంకో సంగతి, ఇది పుస్తకంలో ఒక్క లైన్లో తేల్చేస్తారు కానీ నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ముక్కలోంచి నీళ్లే బయటికి రావాలి, ఉప్పు లోపలికి పోకూడదు కదా, మరి మాగాయ ముక్క లోపలి దాకా ఉప్పగా ఎందుకుంటుంది? ఎందుకంటే కొంతసేపటికి ఆ కణం చచ్చిపోతుంది, త్వచం పాడవుతుంది, అప్పుడు ఏదైనా లోపలికి పోతుంది. ఎవర్ని రానివ్వాలో చూసుకునే గుణం బతికున్న త్వచానిది. బీట్రూట్ ముక్క బాగా కడిగి చన్నీళ్లలో వెయ్యి, రంగు కొంచెమే దిగుతుంది. మరిగే నీళ్లలో వెయ్యి, నీళ్లు మొత్తం ఎర్రగా అయిపోతాయి. ఇవాళే చేసి చూడు, లాబ్ అక్కర్లేదు.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టార్ని. మనవరాలి పుస్తకం చదువుతుంటే ఎర్ర రక్త కణానికి కేంద్రకం లేదని ఉంది. కేంద్రకం లేకపోతే అది కణం ఎలా అవుతుందండీ? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: మాస్టారూ, మంచి ప్రశ్న అండీ. అది ఎముక మజ్జలో పుట్టినప్పుడు కేంద్రకంతోనే ఉంటుంది, పెరిగే క్రమంలో బయటికి తోసేస్తుంది, మైటోకాండ్రియా కూడా పోతాయి, హిమోగ్లోబిన్‌కి చోటు చేసుకోవడానికి. అందుకే అది తను మోసే ఆక్సిజన్ తను వాడుకోదు, గ్లూకోజ్‌ని ఆక్సిజన్ లేకుండానే విరిచి ఆ కొంచెం శక్తితో బతుకుతుంది. కేంద్రకం లేదు కాబట్టి రిపేరు చేసుకోలేదు, రమారమి 120 రోజులకి ఆయుష్షు తీరుతుంది. మీరు షుగర్‌కి హెచ్‌బీఏ1సీ టెస్టు చేయించుకుని ఉంటే, అది రెండు మూడు నెలల సగటు చెప్పేది ఇందుకే, అన్ని రోజులూ రక్తంలో తిరిగిన కణంలోని హిమోగ్లోబిన్‌కి అంటుకున్న చక్కెరని కొలుస్తారు కాబట్టి.

ప్రశ్న: మా అమ్మాయికి మెడిసిన్ సీటు రాలేదు, బీఎస్సీలో చేర్చాం. కణాలు, కణాలు అని ఏదో చదువుతోంది, దాంతో ఏమొస్తుందని చుట్టాలు అడుగుతుంటే తల దించుకోవాల్సి వస్తోంది. (ఒక తల్లి, తాడేపల్లిగూడెం)

జవాబు: తల దించుకోకండమ్మా. మీకు దగ్గర్లోనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి అమ్మాయికి చెప్పండి, మీరూ వినండి. మద్రాసులో మెడిసిన్ చదివారు, కానీ ఎంబీబీఎస్ ఇవ్వలేదు, అంతకంటే తక్కువైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. తర్వాత హార్వర్డ్ వెళ్లి ఫిస్కే గారితో కలిసి శరీరంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి 1925లో ప్రచురించారు. ఆ పద్ధతితోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఆపైన 1929లో ఏటీపీని బయటపెట్టారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ గారు విడిగా కనిపెట్టారు. మీ అమ్మాయి ఇప్పుడు పుస్తకంలో ప్రతి పేజీలో చూస్తున్న ఏటీపీ అదే.

తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ మీద పని చేసింది. కణం రెండుగా విడిపోవాలంటే డీఎన్ఏ కొత్తగా రాసుకోవాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి, గర్భిణులకి ఆ మాత్రలు ఇచ్చేది కూడా అందుకే. మరి ఫోలిక్ యాసిడ్‌లా కనబడుతూ దాని పని అడ్డుకునే మందిస్తే ఆగకుండా విడిపోయే కాన్సర్ కణం ఆగుతుందా? ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు లుకేమియా, అంటే రక్త కాన్సర్, ఉన్న పిల్లలకి ఇచ్చారు, కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది, 1948లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. అమినోప్టెరిన్‌కి చెల్లెలి వరసయ్యే మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ కాన్సర్‌కి, కీళ్లవాతానికి వాడుతున్నారు, మీ చుట్టాల్లోనే ఎవరో వేసుకుంటూ ఉండొచ్చు.

ఉద్యోగాల మాట అంటారా, బీఎస్సీ ఒక్కదానితో ఆగిపోతే కష్టమే, ఆ మాట దాచను. ఎమ్మెస్సీ దాకా చదివించండి, అప్పుడు హాస్పిటల్ లాబ్‌లు, హైదరాబాద్ చుట్టుపక్కల వాక్సిన్, మందుల కంపెనీలు, టీచింగ్, పరిశోధన అన్నీ ఉన్నాయి. ఒక్కసారి అమ్మాయిని హైదరాబాద్ సీసీఎంబీకి, జనాన్ని లోపలికి రానిచ్చే రోజు చూసుకుని, తీసుకెళ్లండి. కణాల కోసమే 1977లో పెట్టిన సంస్థ అది, పుష్ప మిత్ర భార్గవ గారు మొదటి డైరెక్టర్.

ప్రశ్న: ఉల్లి వేరు చివరని స్లైడు మీద నలిపి కణ విభజన చూసే స్క్వాష్ మూడుసార్లు చేశాను. ఒక్క కణం కూడా విభజనలో కనబడలేదు. రికార్డులో మాత్రం పుస్తకం చూసి నాలుగు దశలూ గీసేశాను. తప్పా మేడం? (విద్యార్థి, వనపర్తి)

జవాబు: తప్పే బాబూ, కానీ నిజం రాశావు, అది నాకు నచ్చింది. ఏం జరిగి ఉంటుందో చెప్తాను. ఉల్లిగడ్డ కింద ఎండిన పాత వేళ్లు గీకేసి, అడుగు మాత్రమే నీళ్లకి తగిలేలా గ్లాసు మీద పెట్టు, మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. కొన్ని గడ్డలు ఎన్నాళ్లు పెట్టినా వెయ్యవు, రెండు మూడు గడ్డలు పెట్టుకో. పొద్దున పూట కోసి వెంటనే ఒక వంతు ఎసిటిక్ ఆసిడ్, మూడు వంతులు ఆల్కహాల్ కలిపినదాంట్లో వెయ్యి. పిల్లలు పాడు చేసేది తర్వాత: సెంటీమీటరు వేరు కోసి మొత్తం స్లైడు మీద పెడతారు. విడిపోయే కణాలు చిట్టచివర ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఉంటాయి, పైన ఉన్నవి ఊరికే సాగుతున్న కణాలు. ఆ చివర ముక్కే తీసుకో, పల్చటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో వెచ్చజేస్తే కణాల మధ్య జిగురు వదులుతుంది, ఎసిటోకార్మిన్ రంగు వేసి కాసేపు ఆగు, కవర్ స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కు, పక్కకి జరిపావంటే అన్నీ చుట్టుకుపోతాయి.

అప్పుడు కూడా ఎక్కువ కణాలు గుండ్రటి కేంద్రకంతో మామూలుగానే కనబడతాయి, కంగారుపడకు. కణం తన టైములో ఎక్కువ భాగం ఆ అంతర్దశలోనే గడుపుతుంది, విభజన కొద్దిసేపే. అందుకే వంద కణాలు లెక్కపెట్టి, ఎన్ని మామూలుగా ఉన్నాయో ఎన్ని ప్రథమ, మధ్యస్థ, చలన, అంత్య దశల్లో ఉన్నాయో రాసుకో. ఏ దశ ఎక్కువ సేపు పడుతుందో గడియారం లేకుండానే నీకు ఆ లెక్క చెప్తుంది. బాగా పరుచుకున్న మధ్యస్థ దశ ఒకటి దొరికితే క్రోమోజోములు లెక్కపెట్టు, ఉల్లికి 16. రికార్డులో పాత పేజీ అలాగే ఉంచి, పక్క పేజీలో నీకు కనబడింది మాత్రమే పెన్సిల్‌తో గీసి లెక్చరర్‌కి చూపించు. వంద కణాల్లో ఎన్ని వచ్చాయో నాకు కూడా రాయి.